ఆపి కొట్టిన అక్షరాలు

మూడింటికి వైరస్ స్కానింగు ముప్ఫై ఒక్క శాతం అయింది. నాలుగింటికల్లా నూరూ అయిపోద్దక్కా, మీరు మాత్రం ఏమీ ముట్టుకోకండి అని చెప్పి కంప్యూటర్లు బాగుచేసే చక్రి కిందకి టీకి పోయాడు. ముట్టుకోవటానికి ఏముంది గనక, నజీమా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులకి ఇలా కూర్చోవటం అలవాటు లేదు, ఇరవై ఆరేళ్ళ నుంచి పొద్దున తొమ్మిదిన్నరకి కీబోర్డు మీదకెక్కితే మళ్ళీ అన్నం డబ్బా విప్పేదాకా దిగని చేతులవి, నాలుగు రోజుల నుంచి పనీ పాటా లేక కొంగు అంచుని మడతలు పెడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ పెడుతున్నాయి. పటమట మెయిన్ రోడ్డు నుంచి రెండో సందులో కింద ప్రెస్సు, పైన పేజీలు కొట్టే ఈ డి.టి.పి. గది. కింద మిషన్లు ఆగిపోయి కూడా నాలుగు రోజులే, లేకపోతే ఈ నేల ఎప్పుడూ కాస్త అదురుతూ ఉండేది, ఆ అదురు లేకపోయేసరికి కుర్చీలో కూర్చున్నా ఎక్కడో పరాయి ఇంట్లో కూర్చున్నట్టుంది. బయట ఏప్రిల్ ఎండ, ఆటోవాడు బెంజ్ సర్కిల్, బెంజ్ సర్కిల్ అని అరుస్తున్నాడు, అరిచే ఓపిక కూడా లేనట్టు అరుస్తున్నాడు పాపం. ముప్ఫై నాలుగు శాతం.

సోమవారం పొద్దున పదో తరగతి సాంఘిక శాస్త్రం గైడు తెరవబోతే తెరుచుకోలేదు. సరే, ఒక్కోసారి మొరాయిస్తుంది, ఇంకోటి నొక్కింది. అదీ అంతే. పేర్లన్నీ అవే, ఆమె పెట్టిన పేర్లే, కానీ ప్రతి పేరు చివరా ఏదో అర్థం కాని తోక వచ్చి చేరింది, ప్రతి ఫోల్డర్లోనూ ఒక ఇంగ్లీషు చీటీ, మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే ఇంత పంపండి అని. ఆరు నుంచి పది దాకా గైడ్లు, జూన్‌లో బడులు తెరిచేసరికి షాపుల్లో ఉండాల్సినవి. శుభలేఖల నమూనాలు. పంచాంగం. పన్నెండేళ్ళది. ఆమె గట్టిగా అరవలేదు, ఏడవలేదు, ముందు గ్లాసెడు మంచినీళ్ళు తాగింది, తర్వాత ఓనరు పద్మావతమ్మ గారి గదిలోకి వెళ్ళి, మేడమ్, ఒకసారి రండి అంది. అంతే అంది. అప్పుడు అనాల్సిన మాట ఇంకోటి ఉంది. ఆ మాట అప్పుడే అనేసి ఉంటే ఈ నాలుగు రోజులూ ఉండేవి కావు, ఈ స్కానింగూ ఉండేది కాదు, స్టెల్లా ఇంట్లో కూర్చునేదీ కాదు.

స్టెల్లా. ఇరవై ఏడేళ్ళ పిల్ల, మంగళగిరి నుంచి రోజూ బస్సులో వస్తుంది, ఈ గదిలోనే ఆ పక్క బల్ల మీద కూర్చుని పుస్తకాలకి అట్టలు గీస్తుంది. దాని ముందు వెండిరంగు యాపిల్ కంప్యూటరు, మాక్ అంటారు, పద్మావతమ్మ గారు రెండేళ్ళ కిందట అట్టలు బాగా రావాలని కొన్నది. వచ్చిన కొత్తలో ఆ పిల్ల, అక్కా, దీనికి వైరస్సులు రావు తెలుసా, మీ డబ్బా ఎప్పుడో చచ్చిపోద్ది చూడు అని ఏడిపించేది. ఈమె, నా డబ్బా నాతోపాటే పోద్దిలే అనేది. నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు చక్రి ఆ మాక్‌నే మంగళవారం గంటసేపు గాలించి, డౌన్‌లోడ్ల ఫోల్డర్లో రెండు పట్టుకున్నాడు, పాత వైరస్సులు, విండోస్‌కి పట్టేవి. ఎవరో పంపిన బొమ్మలతోపాటు దిగి అక్కడ పడి ఉన్నాయి, మాక్‌ని ఏమీ చెయ్యలేక ఊరికే కూర్చున్నాయి. అది మొయ్యగలదు గానీ దానికి జబ్బు చెయ్యదండీ, అక్కణ్ణుంచి పెన్ డ్రైవ్‌లో ఇటొచ్చి ఇక్కడ పని మొదలెట్టి ఉండొచ్చు అన్నాడు చక్రి. ఉండొచ్చు అన్నాడు, ఆ అబ్బాయి అన్నది అంతవరకే. పద్మావతమ్మ గారి చెవికి మాత్రం ఉండొచ్చు అన్నది వినపడలేదు. గురువారం నాలుగింటికి ఒకసారి రామ్మా, అప్పటిదాకా ఇంట్లో ఉండు అంది స్టెల్లాతో. ఇవాళే గురువారం.

విజయవాడలో ప్రెస్సుల వాళ్ళు ఒకరికొకరు తెలియని వాళ్ళు కారు. ఫలానా చోట ఒకమ్మాయి వైరస్ తెచ్చి ఫైళ్ళన్నీ ముంచేసిందట అన్న మాట ఒక్క పూటలో ఊరు దాటుతుంది, ఆ తర్వాత ఆ పిల్ల ఎంత బాగా అట్ట గీస్తే మాత్రం ఎవడు పిలుస్తాడు. అది నజీమాకి తెలుసు. తెలిసీ నాలుగు రోజులు అన్నం తింది, నిద్రపోలేదు గానీ పడుకుంది, పొద్దున్నే తయారై ఇక్కడికొచ్చి కూర్చుంది. నలభై రెండు శాతం.

అసలు సంగతి ఏమిటంటే, ఎవరికీ చెప్పలేదు గానీ చెప్పుకోవటానికి సిగ్గుపడాల్సినంత చిన్న సంగతి. తెలుగు కొట్టాలంటే ఆమె మిషన్లో యాంటీవైరస్‌ని ఆపాలి. ఇదేమి విడ్డూరం అంటారు, ఎవరైనా అంటారు. ఆ పాత తెలుగు ఫాంట్లు వేరు, వాటికో కీబోర్డు ప్రోగ్రాము ఉంటుంది, మనం ఇంగ్లీషు అక్షరం నొక్కితే అది మధ్యలో అందుకుని తెలుగు అక్షరం చేసి పెడుతుంది. నొక్కిన ప్రతి మీటనీ మధ్యలో అందుకోవటం దొంగ ప్రోగ్రాములు చేసే పని కూడానట, పాస్‌వర్డులు కొట్టెయ్యటానికి. అందుకని యాంటీవైరస్‌కి దీన్ని చూస్తే దొంగలాగే కనపడుతుంది. కనపడగానే తీసి అవతల పారేస్తుంది. మొదటిసారి అలా పారేసినప్పుడు చక్రి కంటే ముందున్న కుర్రాడు వచ్చి, దీన్ని ఒక్క నిమిషం ఆపుకోండి మేడమ్, కొట్టుకున్నాక మళ్ళీ పెట్టుకోండి అని చూపించాడు. ఒక్క నిమిషం. కొట్టటం అయిపోయేదెప్పుడు, మళ్ళీ పెట్టేదెప్పుడు. పొద్దున రావటం, కుర్చీ తుడుచుకోవటం, మిషన్ ఆన్ చెయ్యటం, కింద మూలన ఆ పచ్చ గుర్తు మీద నొక్కి ఎర్రగా చెయ్యటం, బిస్మిల్లా అనుకుని మొదటి అక్షరం కొట్టటం. పదకొండేళ్ళు. గుమ్మం ముందు కాపలావాణ్ణి పెట్టుకుని, పొద్దున్నే నువ్వింక ఇంటికి పో బాబూ అని పంపించేసి పని చేసుకున్నట్టు. చక్రి వచ్చాక ఒకసారి, ఈమె రోజూ ఆపుతోందని తెలియక మాటవరసకి, అక్కా, ఆ కీబోర్డు ప్రోగ్రాముకి మినహాయింపు పెట్టుకుంటే ఎప్పుడూ ఆపక్కర్లేదు, మేడమ్‌ని పాస్‌వర్డ్ అడగండి, పెట్టేస్తాను అన్నాడు. అడగాలంటే మొహమాటం. పాస్‌వర్డ్ అడిగితే ఎందుకమ్మా అంటుంది, ఎందుకో చెప్తే ఇన్నాళ్ళూ ఆపి కొడుతున్నావా అంటుంది. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండిపోయింది.

చక్రికి ఈ ఊళ్ళో నలభై ఆఫీసులు ఉన్నాయి, అందరి డాక్టరూ అతనే, అందరూ తమ మిషన్‌కి ఏమీ రాదనే చెప్తారట. విండోస్ వాళ్ళు మాకు యాంటీవైరస్ ఉందిగా అంటారు, మాక్ వాళ్ళు మాది మాక్ అంటారు. మూలన నల్లగా ఉన్న ఆ పెట్టె లినక్సుది, ఫైళ్ళన్నీ దాచేది, దాన్ని పెట్టిన రోజున చక్రే దీనికి రోగాలు రావు మేడమ్ అన్నాడు, పద్మావతమ్మ గారు ముచ్చటపడి ఆ దసరాకి దానికి పెద్ద బొట్టు పెట్టింది, పసుపూ కుంకుమా ఇప్పటికీ ఉన్నాయి దాని మీద. ఇప్పుడడిగితే రావని కాదక్కా, దానికి రాసేవాడు తక్కువ, ఎక్కువ ఇళ్ళున్న వీధిలోకే దొంగలు ఎక్కువ పోతారు అంటున్నాడు. మరి పోయాయి కదయ్యా ఫైళ్ళు అంటే, పెట్టెకేమీ కాలేదు కదా, దానికి జలుబు కూడా చెయ్యలేదు అంటున్నాడు. నిజమే, అది నిక్షేపంగా ఉంది, దాని లోపల ఉన్నవే పోయాయి. ఆ ఫోల్డరుకి తాళం పెడదామని అప్పట్లో చక్రి అడిగితే పద్మావతమ్మ గారు, మనలో మనకి తాళాలెందుకు బాబూ, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు అంది. అందరికీ అన్నీ తెరిచే ఉంచారు, ఏ మిషన్లో దొంగ పడ్డా నేరుగా అందులోకి పోయేలా. నకలు తీసే డిస్కు కూడా దానికే తగిలించి ఉంది, రోజూ తీసి పెట్టటం ఎవరికి కుదురుతుంది, అదీ పోయింది. ఫోన్లు మాత్రం తక్కువ తిన్నాయా, మొన్న సంక్రాంతి ముందు ఎవరిదో పెళ్ళిపిలుపు అని వాట్సాప్‌లో వస్తే నజీమా వాళ్ళాయన రవూఫ్ నొక్కాడు, ఆయన ఫోన్లోంచి బంధువులందరికీ అదే పెళ్ళిపిలుపు పోయింది, ఎవరి పెళ్ళిరా అని ఊరంతా ఫోన్లు. శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో పని చేసే మనిషి ఇంట్లోనే ఈ శుభలేఖ. నవ్వుకుంది అప్పుడు. యాభై ఎనిమిది.

శుక్రవారం సాయంత్రం ఐదున్నర. ఇంటికి పోయే హడావుడి. కరెక్షన్స్ అర్జెంట్ అని మెయిలు వచ్చింది. పంపిన వాడి పేరు తెలిసినట్టే ఉంది, ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే తెలిసిన పేరేమీ కాదు, కానీ ఏప్రిల్లో రోజుకి ముప్ఫై కరెక్షన్లు వస్తాయి, ఎవరి పేరని చూస్తాం. తెరిచింది. నల్లగా ఒక కిటికీ రెప్పపాటు మెరిసి పోయింది. ఏమీ రాలేదు. ఖాళీ మెయిలు పంపారు, సోమవారం ఫోన్ చేసి అడుగుదాం అనుకుని మిషన్ అలాగే వదిలేసి, రాత్రికి ఏదో ప్రింటు ఉందని, వెళ్ళిపోయింది. మూలన గుర్తు ఎర్రగానే ఉంది. శని, ఆదివారాలు ఎవరూ రాలేదు. సోమవారం ఆ చీటీ చూసిన పావుగంటకి, పద్మావతమ్మ గారు మెట్లెక్కి వచ్చేలోపల, ఆమె వేలు ఆ మెయిలు మీదకి పోయింది, తుడిచేసింది, చెత్తబుట్టలోంచి కూడా తుడిచేసింది, ఆ తర్వాత పచ్చ గుర్తు వెలిగించింది. ఎందుకు చేసింది అంటే ఏం చెప్తుంది. ఆలోచించి చేసింది కాదు. పెనం మీద చెయ్యి పడితే ఆలోచించి తియ్యం కదా. కానీ తర్వాత నాలుగు రోజులు ఉన్నాయి ఆలోచించటానికి.

చెప్తే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. ఈ మిషన్ని తీసెయ్యాలని పద్మావతమ్మ గారు రెండేళ్ళ నుంచి అంటూనే ఉంది, ఇప్పుడందరూ యూనికోడ్ అని కొత్త రకం తెలుగులో ఇస్తున్నారు నజీమా, నువ్వూ నేర్చుకోకూడదూ అని. నేర్చుకోటానికి కూర్చుంది ఒకసారి, స్టెల్లానే కూర్చోబెట్టింది. క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. క. యాభై మూడేళ్ళకి, లక్షల పేజీలు కొట్టిన మనిషి, చూపుడువేలుతో క వెతుక్కుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పర్లేదక్కా రేపు చూద్దాం అని స్టెల్లా ఆ కిటికీ మూసేసింది, మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. పాత కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందంటే చెప్పలేదు, ఆమెకి తెలియదు, వేళ్ళకే తెలుసు. ఈ మిషన్ పోతే ఆ వేళ్ళు ఎందుకూ పనికిరావు. రవూఫ్ బైండింగు పని మానేసి మూడేళ్ళు, నడుము. ఇంకే ప్రెస్సు తీసుకుంటుంది తనని, పదకొండేళ్ళు కాపలా ఆపేసి కొట్టింది అని తెలిశాక. స్టెల్లా చిన్నపిల్ల, రెక్కలున్నాయి, ఎక్కడైనా బతుకుతుంది. ఈ మాట ఎన్నిసార్లు అనుకుందో, అనుకున్న ప్రతిసారీ నోరు చేదెక్కింది, అయినా మళ్ళీ అనుకుంది. అలిసిపోయింది. నిజం చెప్పటానికి ఎంత ఓపిక కావాలో దాచటానికి అంతకి నాలుగింతలు కావాలి, ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు. డెబ్బై ఏడు శాతం.

పోనీ స్టెల్లాకే ముందు చెప్తే. నాలుగింటికి అందరి ముందూ పడేకంటే, ఆ పిల్లకి ఒక్కదానికీ చెప్పి, ఏం చేద్దామే అని అడిగితే. ఏం చేద్దామే అని. నీ మెడ మీద కత్తి పెట్టాను, ఇప్పుడేం చేద్దాం అని అడగటం. అయినా ఫోను తీసింది. మూడు ముప్ఫై ఎనిమిది. రెండు రింగులకే ఎత్తారు, కానీ స్టెల్లా కాదు, పెద్దావిడ గొంతు, వెనకాల నూలు చుట్టే చరఖా కిరకిర.

"ఎవరండీ? మా పిల్ల ఫోను ఛార్జింగులో పెట్టి మర్చిపోయింది, బస్సెక్కేసింది."

సువార్తమ్మ, స్టెల్లా వాళ్ళమ్మ. ఒకసారి క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వచ్చింది ఆఫీసుకి, చూసిన మనిషే.

"నేనండీ, నజీమాని. ఆఫీసు నుంచి."

చరఖా ఆగింది. తర్వాత, "నువ్వామ్మా. అన్నం తిన్నావా?"

తిన్నానంది. తినలేదు. "స్టెల్లా ఏమన్నా... ఆఫీసు సంగతి ఏమన్నా చెప్పిందా అమ్మా?"

"చెప్పకేం. సోమారం రాత్రే చెప్పింది. నీ మిషన్లో కాపలా ఏదో ఉంటదంట గదా, తెలుగు కొట్టాలంటే అది ఆపాలంట, రోజూ ఆపుకునే కొడతావంట. పక్కనే కూర్చుంటది, రెండేళ్ళ నుంచి చూస్తానే ఉంది గదా. మంగళారం దాన్ని ఇంట్లో ఉండమన్నాక, నేనొచ్చి మీ మేడంగారికి చెప్తానన్నాను. కాళ్ళకడ్డం పడింది. వద్దమ్మా, నాకు ఇంకోచోట దొరుకుద్ది, నజీమా అక్కకి ఆ పెట్టె తప్ప ఇంకోటి రాదు అంది."

నజీమా ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది.

"నేను నిన్నేమీ అననమ్మా," అంది సువార్తమ్మ. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. "అక్కే చెప్పుద్ది చూడు, ఇయాళ చెప్పుద్ది, రేపు చెప్పుద్ది అని మా పిల్ల రోజూ అంటా ఉంది. నాలుగు రోజులైందే అని నేను. అంతే. ఉంటానమ్మా, మగ్గం పడుగు ఎండలో ఉంది."

ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే ఉంచుకుంది చాలాసేపు. తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. మంగళవారం పద్మావతమ్మ గారు అడుగుతుంటే ఆ పిల్ల నేల చూసుకుంటూ నిలబడింది, భయపడుతోంది పాపం అనుకుంది తను, పాపం అనుకుంది. ఒక్కసారి తలెత్తి ఇటు చూసింది అప్పుడు, తను చప్పున తల తిప్పుకుని కాగితాలు సర్దింది, లేని కాగితాలు. ఇరవై ఏడేళ్ళ పిల్ల తెలిసిన మాట మింగి తనని కాపాడుతుంటే, యాభై మూడేళ్ళ మనిషి కాగితాలు సర్దింది. సిగ్గేసింది. ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు, పెళ్ళిలో వెయ్యలేదు, అప్పులవాళ్ళ ముందు వెయ్యలేదు. చెంపల నుంచి చెవుల దాకా మండింది. దానికి రెక్కలున్నాయి, ఎక్కడైనా బతుకుతుంది. తను అనుకున్న మాటే ఆ పిల్లా అంది, మాట ఒకటే, తను అన్నది దాన్ని తొయ్యటానికి, అది అన్నది తనని నిలబెట్టటానికి. ఏడుపు రాలేదు, వస్తే కాస్త తేలికపడేది. తొంభై మూడు. తొంభై మూడు దగ్గర కాసేపు కదలలేదు.

చక్రి వచ్చాడు, వెనకాలే పద్మావతమ్మ గారు, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, ఉస్సురంటూ స్టెల్లా కుర్చీలోనే కూర్చుంది. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా స్టెల్లా వచ్చింది, మొహం ఎండకి ఎర్రబడి, బస్సులో నిలబడి వచ్చినట్టుంది. అందరికీ నమస్కారం పెట్టింది. నజీమా వైపు చూసి, "ఏంటక్కా, నీరసంగా ఉన్నావు," అంది, రోజూ అడిగినట్టే అడిగింది. కూర్చోవటానికి ఇంకో కుర్చీ లేదు, బీరువా పక్కన నిలబడింది.

మిషన్ చిన్నగా టింగుమంది. చక్రి వంగి చూశాడు. కిందకీ పైకీ జరిపాడు. "ఇందులో ఏమీ దొరకలేదండీ," అన్నాడు. "కొన్ని రకాలు పని కానిచ్చుకుని తమంతట తామే చెరుపుకు పోతాయి, అలా పోయిందేమో చెప్పలేను. యాంటీవైరస్ కూడా ఆన్‌లోనే ఉంది, నజీమక్క జాగ్రత్తగానే ఉంచారు. దొరికినవల్లా మాక్‌లో ఆ రెండే."

పద్మావతమ్మ గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మంచి మనిషే ఆవిడ, ఈ మాట అడగటం ఆవిడకీ ఇష్టం లేదు. "మరి ఏమంటావమ్మా స్టెల్లా?"

"నేనేమీ అనటం లేదండీ," అంది స్టెల్లా.

అయిపోయింది. మిషనే చెప్పింది నజీమా మంచిదని, ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఊరికే కూర్చుంటే చాలు, ఇంకో రెండు నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చాలు. నజీమా లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"అందులో ఏమీ దొరకదు చక్రీ. శుక్రవారం సాయంత్రం ఆ మెయిలు తెరిచింది నేను. సోమవారం తుడిచేసింది కూడా నేనే. యాంటీవైరస్ ఆన్‌లో ఉంది సోమవారం నుంచే, అంతకుముందు పదకొండేళ్ళు రోజూ ఆపేసే కొట్టాను, లేకపోతే తెలుగు పడదు. నేను ఆపుతానని ఈ పిల్లకి తెలుసు మేడమ్. నేను చెప్తానని ఎదురుచూసింది. నేను చెప్పలేదు."

స్టెల్లా ఎందుకక్కా అన్నట్టు చూసింది. పద్మావతమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని ఆమె వంక చాలాసేపు చూసింది, ఆ చూపులో కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది, ఇరవై ఆరేళ్ళుగా ఒకరినొకరు చూసుకుంటున్న అలసట.

"ఇదంతా కాగితం మీద రాసివ్వు నజీమా. లెక్కలు చూసే మా అబ్బాయికి చూపించాలి," అంది చివరికి. ఉండమని అనలేదు, పొమ్మనీ అనలేదు.

చక్రి జేబులోంచి పెన్ను ఇచ్చాడు. ప్రింటరు లోంచి తెల్లకాగితం ఒకటి లాక్కుని నజీమా వంగింది. చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో, సంతకాలు తప్ప ఏమీ రాయలేదు, అక్షరాలు ఒకటో తరగతి పిల్లవి లాగా ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, గీత లేని కాగితం మీద కిందకి జారిపోతూ పడుతున్నాయి. స్టెల్లాకి దీంతో ఏ సంబంధమూ లేదు అని ముందు రాసింది. తన పేరు తర్వాత రాసింది.